బాస్టిబుల్ రొట్టె: నడుమ ఇంకా పచ్చే!

బాస్టిబుల్‌లో, అంటే నిప్పుల మీద పెట్టే మూత ఉన్న ఐరిష్ ఇనప గిన్నెలో, కాల్చిన సోడా రొట్టె ఈసారీ అంతే. పైన చక్కటి రంగు, తట్టితే టకటక మోత. కోసి చూస్తే నడుమ మూడు సెంటీమీటర్ల మేర ముద్ద, అడుగేమో బొగ్గు. మోత వస్తే లోపల ఉడికినట్టేననే ఆ తట్టి చూసే పరీక్షను ఇక నమ్మను.

లెక్క ఇదీ: ఓడ్లమ్స్ అనే ఐరిష్ కంపెనీ ముతక గోధుమ పిండి 300 గ్రాములు, మైదా 150, వంట సోడా ఒక చెంచా, మజ్జిగ 380 మిల్లీలీటర్లు. (చక్కీ ఆటా మాత్రం వద్దు, నీళ్ళన్నీ తాగేసి రాయి అవుతుంది.) మూడు కాళ్ళ ఇనప గిన్నె అడ్డం 26 సెంటీమీటర్లు, ముద్ద ఎత్తు 5. కింద ఆరు, మూత మీద పది టర్ఫ్ (బురద నేలల్లోంచి తవ్వి ఎండబెట్టిన ఇంధనం) నిప్పులు, 45 నిమిషాలు. థర్మామీటర్ గుచ్చితే అంచున 97 డిగ్రీలు, నడుమ 81! ఇంకో ఇరవై నిమిషాలు ఉంచితే అడుగు మాడిందే తప్ప నడుమ కదల్లేదు.

మజ్జిగ మీద అనుమానం లేదు. మీగడ చిలికి వెన్న తీశాక మిగిలిన పల్చటిదే, రెండు రోజులు పులియబెట్టా. పసుపు మచ్చల్లేవు, సబ్బు వాసన లేదు, అంటే సోడా పూర్తిగా పనిచేసింది. ఆ వెన్న అద్భుతం, అంతే.

నా అనుమానమంతా మూత మీదే. ఇది గుమ్మటంలా ఉంది, నిప్పులు జారి అంచుకి చేరుతున్నాయి. పాత ఐరిష్ ఇళ్ళలో పొయ్యి మీద వేలాడే బాస్టిబుల్ మూత పైన కణకణలాడే టర్ఫ్ పేర్చేవాళ్ళు. మా గోదావరి దిబ్బరొట్టెకీ అదే సూత్రం: పైన ఎక్కువ, కింద తక్కువ. ముద్ద పైన పెట్టే క్రాస్ గాటు కూడా లోతు చాల్లేదేమో. అది దయ్యాల్ని వెళ్ళగొడుతుందట, నాకు వేడి లోపలికి వెళితే చాలు.

ఈ సోడా రొట్టె మరీ పాతదేం కాదు, 1830ల తర్వాతే సోడా ఇళ్ళల్లోకొచ్చింది. 1845 ఐర్లండ్ కరువుకి ముందు అక్కడి కూలిమనిషి తిండి బంగాళాదుంపలూ మజ్జిగే, రోజుకి ఆరు కిలోల దుంపల దాకా తినేవాడట. తొందరగా ఆకలెయ్యకూడదని కొందరు దుంప నడుమ కావాలనే కాస్త పచ్చిగా ఉంచేవాళ్ళు. నా రొట్టె అడక్కుండానే ఆ పని చేస్తోంది.

వచ్చేసారి చదును మూత, ముద్ద 3.5 సెంటీమీటర్లే, కింద నాలుగు నిప్పులు. ఈలోగా బాక్స్‌టీకి (తురిమిన బంగాళాదుంపలతో చేసే ఐరిష్ అట్టు) కెర్స్ పింక్ రకం దుంపలు తెచ్చా, రూస్టర్ రకం కన్నా అవే మేలని నా పట్టు. తురిమి గుడ్డలో పిండితే ఎంత నీళ్ళొస్తాయో, అడుగున ఎంత గంజిపిండి పేరుతుందో తూచి రాస్తా.