మళ్ళీ మ్యురా గుర్రాలే

పదకొండున్నర దాటింది. అవును, మళ్ళీ మ్యురానే, నెపోలియన్ ఆశ్విక దళాధిపతి. విసుగొచ్చినవాళ్ళు రేపు రండి.

"1812లో ఫ్రెంచి గుర్రాల్ని రష్యా చలి చంపింది" అన్న ముక్క ఇవాళ ఇంకోసారి కంటబడింది. చలేమిటండీ, జూన్ నెలలో! నెపోలియన్ సైన్యం రష్యా సరిహద్దు నది నియెమన్ దాటింది 24న. ఆ నెలాఖరుకే, విల్నా (ఇప్పటి విల్నియస్) దారిలో జోరువాన పట్టుకునేసరికి గుర్రాలు వేలల్లో కూలాయి. ఓట్స్ బండ్లు ఎక్కడో వెనక బురదలో. దొరికిందల్లా పొలాల్లో పచ్చి రై, గోధుమలాంటి పైరు. ఖాళీ కడుపున తడి రై మేస్తే లోపల పులిసి గాలి పట్టేస్తుంది. గుర్రం కక్కలేదు, ఆవులా త్రేన్చనూ లేదు. శూలతో పొర్లి పొర్లి పోతుంది.

మిగిలినవాటికి జీను పుండ్లు. గుర్రం చిక్కిపోతే వీపు కండ కరిగి, జీను కర్ర నేరుగా మూపు ఎముక మీద కూర్చుంటుంది. కింద కంబళి ఒక్క మడత పడితే చాలు, సాయంత్రానికి తోలు లేచిపోతుంది. జీను దింపి, వీపు ఆరబెట్టి, రుద్దాలి. మ్యురా ఆ వ్యవధే ఇవ్వలేదు. తెల్లారకముందే ఎక్కించి, చీకటిపడేదాకా జీన్లతోనే ఉంచేవాడు. సత్రం నడిపేవాడి కొడుకు, పుట్టిందే గుర్రాల మధ్య. తెలియదా?

రష్యన్లతో ఐలావ్ యుద్ధంలో గెలిపించింది ఈ మనిషేనా అనిపిస్తుంది. 1807 ఫిబ్రవరి 8. కన్ను పొడుచుకున్నా కనబడని మంచు. ఫ్రెంచి సేనాని ఒజెరో దళం దారి తప్పి రష్యన్ ఫిరంగుల నోటికెదురుగా నడిచి నుజ్జయింది. సైన్యం నడిమధ్యన ఖాళీ. అప్పుడు మ్యురా దాదాపు 80 స్క్వాడ్రన్లతో (రౌతుల పటాలాలు), పదివేల పైచిలుకు రౌతులతో, రష్యన్ వరసల్ని చీల్చుకుపోయాడు. వెళ్ళడం కాదు గొప్ప, మళ్ళీ వెనక్కి రావడం. ఆ దాడిలో ఉన్న సేనాని దోపూల్ మాత్రం ఆ గాయాలతోనే పోయాడు.

ఇంత తిట్టాక ఇప్పుడు సందేహం. తప్పంతా మ్యురాదేనా? 1812లో మ్యురా కింద ఉన్న నాన్సూతీ, మోంబ్రన్‌ల ఆశ్విక దళాలు రెండూ కలిపి ఇరవై వేల గుర్రాలు. వాటిని అలా గుంపుగా తోలమన్నది నెపోలియన్. ముందు రెజిమెంటు గడ్డి మేసేస్తే వెనకవాళ్ళకు దుమ్మే. అలాంటి చోట ఎంత మంచి సేనాని ఉంటే మాత్రం ఏం మేపుతాడు? పొద్దున రాసుంటే ఇంత ఘాటుగా రాసేవాణ్ణి కాదేమో.

అలాగని చలికి పాపం లేదనను. మంచు మీద కాలు నిలవాలంటే లాడాలకు మొనదేలిన మేకులుండాలి. అశ్వశాలాధిపతి కోలెంకూర్ నెపోలియన్ సొంత లాయంలోని గుర్రాలకు అవి ముందే వేయించాడు. సైన్యంలో చాలావాటికి నున్నటి లాడాలే.