మూడో సీటు

అన్నవరం కొండ కనపడగానే బండి మీదనుంచే దణ్ణం పెట్టుకోవడం మా ఇంటిల్లిపాదికీ అలవాటు. 2023 డిసెంబరులో అరకు వెళ్తూ ఆ దణ్ణం కూడా మర్చిపోయాను. టీ కొట్టు ఎక్కడుందా అని వెతుక్కుంటున్నాను మరి. టీ మీద యావ కాదు, బండి దిగి కాసేపు నిలబడితే చాలనిపించింది.

అంబాజీపేటలో చీకటితో బయల్దేరాం. రావులపాలెం దగ్గర 16వ నంబరు హైవే ఎక్కి, గౌతమి వంతెన మీదుగా జొన్నాడ దాటేదాకా హాయిగానే ఉంది. రాజమండ్రి దాటాక కింద వేడి మొదలైంది. జగ్గంపేట వచ్చేసరికి రెండు పక్కలా సూదులు. కత్తిపూడికి సూదులు పోయి తిమ్మిరి. అన్నవరంలో టీ కొట్టాయన కుర్చీ జరిపి "కూర్చోండి" అంటే, "వద్దండీ బాబూ, కూర్చునే వస్తున్నాను" అన్నాను. మా బావ నోట్లో టీ ముక్కులోకెక్కింది.

నాది కొబ్బరి వ్యాపారం. వయసు 46, బరువు 84 కిలోలు. ఏడాదికి రెండు మూడుసార్లు బావతో కలిసి దూరం పోవడం ఒక్కటే సరదా. బండి 350 సీసీది, కంపెనీ పేరెందుకులెండి. ఇంజను బంగారం. సీటే శత్రువు.

ముందు అందరూ చేసే పనే చేశాను. ఆన్‌లైన్లో 1,400 పెట్టి జెల్ ప్యాడ్ తెప్పించాను. నీడలో బాగానే ఉంటుంది. మధ్యాహ్నం ఎండలో గంటసేపు బండి నిలిపి వచ్చి కూర్చుంటే అట్లపెనమే. రోహిణి కార్తెలో ఒకసారి కూర్చుని ఎగిరి లేచాక దాన్ని తీసి అటక మీద పారేశాను.

తర్వాత ఒక ఊళ్ళో సీట్లు కుట్టే షాపుకి వెళ్ళాను. "ఎలా కావాలండి?" అన్నాడు. "మెత్తగా" అన్నాను. నేను చేసిన పెద్ద తప్పు ఆ ఒక్క మాటే. అతను ర్యాకులోంచి తెల్ల స్పాంజి తీసి బొటనవేలితో నొక్కి చూపించాడు, నేనూ నొక్కాను, వేలు దిగబడింది, ఇద్దరం సంతోషించాం. రెండంగుళాల మందం వేసి, డైమండ్ కుట్టు కొట్టి, 2,300 తీసుకున్నాడు. మార్కెట్లో ఆ సీటు మీద కూర్చుని చూడనివాడు లేడు. "పట్టెమంచంలా ఉంది బావా" అన్నారు. నిజమే, మూడు కిలోమీటర్లకైతే పట్టెమంచమే.

ఆ సీటుతో మారేడుమిల్లి మీదుగా భద్రాచలం బయల్దేరాం. గోకవరం దాటలేదు, పాత నొప్పి తయారు. పాతదానికంటే నయమా అంటే అదీ లేదు, తొడల లోపలి పక్క కొత్త నొప్పొకటి జత కలిసింది. రంపచోడవరం దగ్గర వాన పట్టుకుంది. అరగంట చెట్టు కింద నిలబడి వచ్చి సీటెక్కితే బుడుక్కుమని చప్పుడు, ప్యాంటులోకి నీళ్ళు. ఆ డైమండ్ కుట్టు ఉంది చూశారూ, సూది దిగిన ప్రతి కన్నంలోంచీ వాన లోపలికి దిగింది. ఆ మెత్తటి స్పాంజి ఎంత తాగాలో అంతా తాగింది. ఘాటు రోడ్డంతా తడి గుడ్డ మీద కూర్చున్నట్టే వెళ్ళాను. ఇంటికొచ్చాక మూడు రోజులు ఎండబెట్టినా నీచు కంపు వదల్లేదు.

రాజమండ్రిలో ఒక పెద్దాయన ఉన్నాడని లారీల మీద తిరిగే కుర్రాడొకడు చెప్పాడు. చిన్న రేకుల షెడ్డు, బోర్డు కూడా లేదు. మేస్త్రి గారికి డెబ్బయ్యేళ్ళుంటాయి. నాది అంబాజీపేట అనగానే ముఖం వెలిగింది. "మీ ఊరి పీచు ఎంత కుక్కానో ఈ చేతుల్తో! బస్సు సీటైనా జీపు సీటైనా అప్పట్లో కొబ్బరి పీచేనండి. దానికి రబ్బరు పట్టిస్తే ఎన్నాళ్ళయినా కుంగేది కాదు." పీచు అమ్మిన నాకే ఆ సంగతి తట్టలేదు, మెత్తనిదే మంచిదనుకుని రెండు వేల మూడొందలు తగలేశాను.

నా పట్టెమంచం సీటుని ఆయన బొటనవేలితో నొక్కలేదు. మోకాలు పెట్టి బరువంతా దాని మీద వేశాడు. టక్కుమంది. "అదండీ, అడుగున ప్లాస్టిక్కు తగిలింది. మీరు కూర్చున్నది స్పాంజి మీద కాదు, దీని మీద" అని సీటు తిరగేసి నల్ల పళ్ళెం చూపించాడు. మనం కూర్చుంటే బరువంతా రెండు ఎముకల మీద పడుతుందట. మెత్తటి స్పాంజి ఆ రెండు చోట్లా పూర్తిగా అణిగిపోతుంది. ఎముక వెళ్ళి పళ్ళేనికి ఆనుతుంది. చుట్టూ అణగని స్పాంజి పైకి ఉబికి తొడల్ని నొక్కుతుంది, రక్తం ఆడదు, తిమ్మిరెక్కుతుంది. భద్రాచలం దారిలో తొడలెందుకు నొప్పెట్టాయో అప్పుడు తెలిసింది.

ఇక కొలతలు. సొల్యూషన్ రాసి అంటించిన ఫోమ్ మీద బరువు పెట్టడానికి ఆయన దగ్గర గోదారి ఇసక బస్తా ఒకటుంది. అందులోంచి ఒక తట్ట నిండా పోసి, నీళ్ళు చల్లి, చదును చేసి, మీద పాలిథిన్ కాగితం పరిచి స్టూలు మీద పెట్టాడు. "కూర్చోండి బాబూ. బండి హ్యాండిల్ పట్టుకున్నట్టు కొంచెం ముందుకి వంగండి. కదలొద్దు." పక్క షాపు కుర్రాళ్ళు నవ్వుతున్నారు. నాకూ నవ్వొస్తోంది, కానీ కదలొద్దన్నాడు కదా. లేచి చూస్తే ఇసకలో రెండు గుంటలు, కోడిగుడ్డు పెట్టి తీసినట్టు. టేపు పెట్టి గుంటకీ గుంటకీ మధ్య 12.5 సెంటీమీటర్లని చాక్‌పీసుతో గోడ మీద రాసుకున్నాడు.

రాసుకుని మళ్ళీ ఇసకలోకి చూశాడు. ఎడమ గుంట లోతుగా ఉంది, కుడిది అంత లోతు లేదు. "వెనక కుడి జేబులో ఏముందండి?" అన్నాడు. పర్సు, దానికి తోడు చీటీల పుస్తకం. ఇరవయ్యేళ్ళుగా అక్కడే ఉంటాయి. "మూడేళ్ళుగా ఎడమ పక్కే ఎక్కువ నొప్పని మీరే అన్నారు. సీటు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ పర్సు చొక్కా జేబులో పెట్టుకోండి." పర్సు తీసి ఇంకోసారి కూర్చుంటే రెండు గుంటలూ సమానం. ఆ ముక్కకి ఆయన డబ్బులు తీసుకోలేదు.

కంపెనీ సీటు కోయనన్నాడు. "అది దాచుకోండి, బండి అమ్మేటప్పుడు పనికొస్తుంది" అని పాత సామాన్ల షాపునుంచి అదే మోడల్ సీటు పళ్ళెం తెప్పించుకోమన్నాడు. 600కి దొరికింది. ఎవరైనా ఈ పని పెట్టుకుంటే ఈ సలహా మాత్రం పాటించండి. ఎందుకంటే ఫోమ్ ఒకసారి కోశాక మళ్ళీ మొలవదు.

ఫోమ్ దగ్గర నాకో పాఠం అయింది. నేను యూట్యూబ్ చూసి వెళ్ళి "40 డెన్సిటీ వెయ్యండి, గట్టిగా ఉంటుంది" అన్నాను. డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందనే లెక్క. గట్టిదనం వేరే సంగతి, ఒకే డెన్సిటీలో మెత్తనిదీ దొరుకుతుంది, గట్టిదీ దొరుకుతుంది. డెన్సిటీ ఎక్కువుంటే త్వరగా కుంగిపోదు, అంతవరకే. నీళ్ళకాయకీ కురిడీకీ తూకంలో ఎంత తేడా! ఆ తూకం చూసి చిప్ప గట్టిదో కాదో ఎవడు చెప్పగలడు? నా వ్యాపారం భాషలో చెప్పుకుంటే గానీ నా బుర్రకెక్కలేదు.

ఆయన వేసింది రంగురంగుల చుక్కలున్న రీబాండెడ్ ఫోమ్. ఫోమ్ తుక్కుని జిగురు పట్టించి అచ్చులో ఒత్తి చేసేది. చేత్తో నొక్కితే చెక్కలా ఉంది, నాకు గుండె జారింది. ఆ పళ్ళెంతో వచ్చిన పాత ఫోమ్‌లో రెండు ఎముకలూ ఆనే మేర గుంట కోసి, ఈ పలకని అందులో కూర్చోబెట్టి, పైన అర అంగుళం మెత్తటి పొర వేశాడు. గట్టిది మోస్తుంది, మెత్తది ఒంటికి ఆనుతుంది. కోయడానికి హ్యాక్సా బ్లేడు, నున్న చేయడానికి గ్రైండరుకి తగిలించిన ఎమరీ. షెడ్డంతా ఫోమ్ పొడి, ఆయన కనుబొమలు కూడా తెల్లబడ్డాయి. అవి ముందే తెల్లవేమో మరి.

కవరు వెంటనే కుట్టలేదు. దాని మీద పాత తువ్వాలు బిగించి కట్టి "తిరిగి రండి" అన్నాడు. ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక, అక్కణ్ణుంచి కాలవ గట్టున లొల్ల లాకులు, రావులపాలెం, జొన్నాడ, వేమగిరి, మళ్ళీ షెడ్డు. యాభై కిలోమీటర్లకు అటూ ఇటూ. కాలవ గట్టు గతుకులూ ఉన్నాయి, హైవే నున్నదనమూ ఉంది, పరీక్షకి అంతకంటే మంచి చుట్టు లేదు. తువ్వాలు కట్టిన సీటు చూసి బొబ్బర్లంకలో ఒకాయన ఆపి "సీటు చిరిగిందాండీ?" అని జాలిపడ్డాడు.

మొదటి చుట్టులో ఎముకల నొప్పి లేదు గానీ బ్రేకు వేసినప్పుడల్లా ట్యాంకు మీదకి జారుతున్నాను. జారకుండా చేతులతో తన్నిపెట్టి కూర్చోవడంతో భుజాలు లాగేశాయి. సీటు ముందుకి వాలి ఉందన్నమాట. ఎముకల కింద ఇంకొంచెం దించి, దాని ముందర సన్నటి చీలిక ఒకటి అంటించి లేపాడు. రెండో చుట్టులో జారడం ఆగింది, కానీ సిగ్నల్ దగ్గర మునివేళ్ళ మీద నిలబడాల్సి వచ్చింది. ఎత్తు 15 మిల్లీమీటర్లే పెరిగింది. అసలు అడ్డం వచ్చింది వెడల్పు. ట్యాంకు దగ్గర రెండు అంచులూ గుండ్రంగా కోసేసరికి కాళ్ళు తిన్నగా దిగి పాదాలు ఆనాయి. వెనక వెడల్పు, ముందు సన్నం. చెప్తే ఇంతే, ఆయన అక్కడ బ్లేడు పెట్టేముందు పదిసార్లు నన్ను ఎక్కించి దింపించాడు.

మూడో చుట్టుకి మా ఆవిడని తీసుకెళ్ళాను. ఆవిడ దిగి ఒకటే అంది: "మీ ఎముకలకి ఇసక తట్టలూ టేపులూ. నాకు ఎముకలు లేవా?" మేస్త్రి గారు తలకాయ గోక్కున్నారు. వెనక సీటు వాలు తీసి చదును చేసి, ఆవిడక్కూడా అదే ఫోమ్ పలక వేశారు. ఆవిడ ఇసకలో కూర్చోవడానికి ఒప్పుకోలేదు, అందాజు మీద వేశారు. అది కుదిరిందనే అంటోంది.

కవరు విషయంలో నేనేమీ మాట్లాడలేదు, భద్రాచలం వానే మాట్లాడింది. కూర్చునేచోట ఒక్క కుట్టు కూడా వద్దన్నాను, కుట్లన్నీ పక్కలకి దిగాయి. లోపల పల్చటి పాలిథిన్ పొర. గాలి ఆడే జాలీ గుడ్డ వేద్దామా అని ఆయన అడిగితే మన వానలకి అది ఆరదని గరుకు రెగ్జినే తీసుకున్నాను. నలుపు వద్దని గోధుమరంగు. గన్నుతో పిన్నులు కొడుతుంటే ఒక్కో పక్కా లాగి లాగి, ముడత వచ్చినచోట పిన్ను పీకి మళ్ళీ కొట్టాడు. రెండు వారాల్లో నాలుగు రాకపోకలు, పళ్ళెం కాకుండా 4,600.

2024 డిసెంబరులో అదే అరకు, అదే దారి. అన్నవరం కొండకి దణ్ణం పెట్టుకున్నాను. తుని దాకా దిగలేదు. అనకాపల్లి వచ్చేసరికి నొప్పి వచ్చింది, రాలేదని అబద్ధం చెప్పను. కానీ అది అలసట నొప్పి, దిగి అయిదు నిమిషాలు నడిస్తే పోయింది. జీన్సు మానేసి వెనక మందపాటి కుట్టు లేని ప్యాంటు వేసుకున్నాను, దానికీ కొంత వాటా ఇవ్వాలి. మధ్యమధ్యలో దిగాల్సిందే, గతుకొస్తే ఫుట్‌రెస్టుల మీద లేవాల్సిందే. అమెరికాలో ఐరన్ బట్ అసోసియేషన్ అని ఒకటుందట. 24 గంటల్లో 1,000 మైళ్ళు, అంటే 1,600 కిలోమీటర్ల పైచిలుకు, నడిపినవాళ్ళకి సర్టిఫికెట్టు ఇస్తుందట. మా బావ కొడుకు చెప్పాడు. ఇనప పిర్రల సంఘం! మనకొద్దులెండి.

ఎస్.కోట దాటాక బావ బండి ఆపి, కాసేపు బళ్ళు మార్చుకుందామన్నాడు. ఘాటంతా నా సీటు మీద ఎక్కి, పైకొచ్చాక తాళం ఇవ్వడానికి చేతులు రాలేదు. అక్కణ్ణుంచే మేస్త్రి గారికి ఫోన్ చేసి, "మా బావమరిదికి కుట్టారు కదా, ఆ కొలతలతోనే నాకూ ఒకటి కుట్టేయండి, ఆదివారం వచ్చి పట్టుకెళ్తాను" అన్నాడు. స్పీకర్ ఆన్‌లో ఉంది.

"ఎవరి పిర్రలు వాళ్ళే తేవాలండి. ఇసక తడిపి ఉంచుతాను, రండి" అన్నాడాయన.