చంద్రగిరి రాజమహల్లో అధికారం ఎవరిది?

తిరుపతి బస్టాండులో చిత్తూరు వైపు పోయే పల్లెవెలుగు ఎక్కాను. చంద్రగిరి పదిహేను కిలోమీటర్లు. కోటకు శుక్రవారం మాత్రం పోకండి. మ్యూజియానికి సెలవు, మ్యూజియం ఉన్నది రాజమహల్లోనే.

మూడంతస్తుల మహలు. రాయి, ఇటుక, సున్నమే. ఎక్కడా కలప లేదు. మద్రాసును ఇంగ్లీషువాళ్ళకు రాసిచ్చింది ఇక్కడేనని ఊళ్ళో చెబుతారు. కానీ 1639లో ఆ కౌలు ఇచ్చినవాడు విజయనగర రాజు కాదు, ఆయన కింద ఆ సీమనేలిన దామర్ల వెంకటాద్రి నాయకుడు. కోట కట్టుకోవడానికీ, నాణేలు ముద్రించుకోవడానికీ అనుమతి అందులోనే ఉంది. టంకశాల లాంటి రాజహక్కును ఒక నాయకుడు పంచిపెట్టాడన్న మాట! ఈస్టిండియా కంపెనీ 1645లో అప్పటి రాజు మూడో శ్రీరంగరాయల దగ్గర మళ్ళీ రాయించుకుంది.

దీని మూలం అమరం అనే విజయనగరపు భూమి ఏర్పాటులో ఉంది. రాజు భూమి ఇస్తాడు. నాయకుడు శిస్తు రాబట్టి, రాజుకు కట్టాల్సింది కట్టి, మిగిలినదాంతో సైన్యాన్ని పోషిస్తాడు. తన సీమలో వసూలూ, కత్తీ, తగవు తీర్పూ అతనివే. దీన్ని అధికార విభజన అనుకోవడం పొరపాటు. పన్ను వేసేవాడు, ఖర్చుపెట్టేవాడు, తీర్పు చెప్పేవాడు వేరువేరుగా ఉంటేనే అది విభజన. ఇక్కడ జరిగింది రాజ్యాన్ని ముక్కలు చేసి, ముక్కకో చిన్న రాజును కూర్చోబెట్టడం. ఈ కోట నుంచి ఏలిన సాళువ నరసింహుడైతే 1485లో విజయనగర సింహాసనమే ఎక్కేశాడు.

అసలు దెబ్బ 1614లో తగిలింది. విజయనగర రాజు వేంకటపతిరాయలు తన అన్న కొడుకు శ్రీరంగణ్ణి వారసుడిగా ప్రకటించి కన్నుమూశాడు. ఆ మాటను నిలబెట్టే సభ లేదు, న్యాయస్థానం లేదు. గొబ్బూరి జగ్గరాయలు అనే సామంతుడు ఒక పిల్లవాణ్ణి రాజు కొడుకంటూ తెచ్చి, శ్రీరంగణ్ణి కుటుంబంతో సహా చంపించాడు. శ్రీరంగడి పక్షాన నిలిచిన యాచమనాయకుడు అతని కొడుకు రామదేవుణ్ణి మాత్రం తప్పించగలిగాడు. వారసత్వం కావేరి తీరాన, తోపూరు యుద్ధంలో తేలింది.

భూటాన్ ఇదే చిక్కును 2008 రాజ్యాంగంలో అంచెలంచెలుగా విప్పుకుంది. 65 ఏళ్ళు నిండితే రాజు దిగిపోవాలి, వారసుడు యుక్తవయస్కుడైతేనే. 21 నిండని వారసుడుంటే రీజెన్సీ మండలి ఏలుతుంది. ప్రధానమంత్రి, ప్రధాన న్యాయమూర్తి, స్పీకరుతో పాటు ప్రతిపక్ష నేత కూడా అందులో సభ్యుడే. రాజు రాజ్యాంగాన్ని ఉల్లంఘిస్తే పార్లమెంటు సభ్యుల్లో మూడింట రెండు వంతులు అతణ్ణి దించాలని తీర్మానం పెట్టాలి. సంయుక్త సమావేశంలో నాలుగింట మూడు వంతుల ఓట్లు రావాలి. దానికి అధ్యక్షత వహించేది ప్రధాన న్యాయమూర్తి. ఆపైన ప్రజల ఓటు. యాచమనాయకుడు ఒంటిచేత్తో చేసిన పనికి అక్కడ ఇన్ని చేతులు!

ఇక్కడి నుంచి కొండకు నడిచేవాళ్ళు తిరుపతికి తిరిగి రానక్కర్లేదు. శ్రీనివాసమంగాపురం మీదుగా శ్రీవారి మెట్టు చేరితే 2388 మెట్లు. పైన గుడిలో కృష్ణదేవరాయలు ఇద్దరు రాణులతో చేతులు జోడించి నిలబడి ఉంటాడు.