హీలా నదిలో నడక, కొండ గుహల్లో ఇళ్ళు

న్యూ మెక్సికో రాష్ట్రపు నైరుతి మూలన, సిల్వర్ సిటీ అనే పాత గనుల ఊరు దాటి ఉత్తరంగా 44 మైళ్ళు వెళితే రోడ్డు అయిపోతుంది. ఆ కొసన, హీలా నది పాయలు ఒకదానికొకటి చేరువయ్యే చోట, ఏడు వందల ఏళ్ళ కిందట గుహల్లో కట్టుకున్న ఇళ్ళు ఉన్నాయి. అక్టోబరులో వారాంతానికి కాస్త సెలవు కలుపుకొని నేనూ, మా ఆవిడా, మా బావమరిదీ అక్కడికి వెళ్ళాము. గుహల ఇళ్ళు చూడాలన్న కోరిక మా ఆవిడది. నా ఆసక్తి మాత్రం నది మీద. మేముండే ఆరిజోనాలోని చాండ్లర్‌కు దక్షిణాన ఐ-10 రహదారి ఇదే హీలా నదిని దాటుతుంది. అక్కడ వంతెన ఉంది, నది పేరుతో బోర్డు ఉంది, ఏడాదిలో చాలా రోజులు కింద ఇసుక తప్ప మరేమీ ఉండదు. ఆ నీటితో తరతరాలుగా కాలువలు తవ్వుకొని పంటలు పండించిన అకిమెల్ ఓఓధమ్ అనే ఆదివాసీ ప్రజలకు, పంతొమ్మిదో శతాబ్దం చివరలో ఎగువన స్థిరపడిన రైతులు నీరు మళ్ళించుకోవడంతో పొలాలు ఎండిపోయాయి. 2004లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి వారికి నీటి వాటా తేల్చేదాకా ఆ తగవు తెగలేదు. అలాంటి నది పుట్టే చోట ఎలా ఉంటుందో చూడాలని నాకు చాలాకాలంగా ఉంది.

గ్లోబ్, శాఫర్డ్‌ల మీదుగా వెళ్ళే దారి చాలావరకు హీలా లోయనే అంటిపెట్టుకొని సాగుతుంది. 1930లో ప్రారంభించిన కూలిడ్జ్ ఆనకట్టకు ఎగువన, శాఫర్డ్ చుట్టూ పత్తి చేలు కనబడ్డాక, నది ఎక్కడికి పోతోందో ఎవరూ చెప్పనక్కరలేకుండానే తెలుస్తుంది. సిల్వర్ సిటీ దాటాక రోడ్డు తీరే మారిపోతుంది. 44 మైళ్ళకు దాదాపు రెండు గంటలు పడుతుంది. ఎదురుగా ఏదైనా బండి వస్తే ఒకరు ఆగి రెండోవారికి దారి ఇవ్వవలసినంత ఇరుకు మలుపులు చాలా ఉన్నాయి. పొడవైన ట్రెయిలర్లు లాగేవారిని ఇటు రావద్దని, మింబ్రెస్ లోయ వైపునున్న 35వ నంబరు రోడ్డు పట్టుకొమ్మని చెబుతారు.

కాపరస్ అనే చోట కొండ అంచున ఆగి చూస్తే, కిందుగా హీలా నది తవ్వుకున్న గండి, దాని అవతల వరుస మీద వరుసగా కొండలు కనబడ్డాయి. ఆ కొండల్లో ఒక్క రోడ్డు కూడా లేదు. 1924 జూన్ 3న అటవీ శాఖ ఈ ప్రాంతాన్ని హీలా వన్యప్రాంతంగా ప్రకటించింది. రోడ్లు వేయకుండా, మోటారు బండ్లు రానివ్వకుండా ప్రభుత్వం ఇలా విడిచిపెట్టిన మొదటి అడవి ప్రపంచంలోనే ఇదని చెబుతారు. ఆ శాఖలోనే పనిచేస్తూ ఈ ప్రతిపాదన చేసినవాడు ఆల్డో లియోపోల్డ్. దేశమంతటికీ వర్తించే వన్యప్రాంతాల చట్టం రావడానికి ఆ తరువాత మరో నలభై ఏళ్ళు, 1964 దాకా పట్టింది. ఇవాళ ఐదున్నర లక్షల ఎకరాలకు పైగా ఉన్న ఈ అడవిలోకి వెళ్ళాలంటే నడవాలి, లేదా గుర్రం ఎక్కాలి. గుహల ఇళ్ళకు వెళ్ళే రోడ్డు మాత్రం ఈ అడవి మధ్యలోకి సన్నని పేలికలా చొచ్చుకొని పోతుంది.

పడమటి పాయ ఒడ్డున ఉన్న లోయర్ స్కార్పియన్ క్యాంప్‌గ్రౌండ్‌లో టెంట్ వేసుకున్నాము. అక్కడ ఉండడానికి రుసుము లేదు. బండి పార్కింగులో వదిలి సామాను కొద్ది అడుగులు మోసుకుపోవాలి, అంతే. టెంట్ల వెనుకే కొండకు ఆనుకొని చిన్న కాలిబాట ఉంది. దాని చివర రాతి గోడ మీద ఎర్ర రంగుతో వేసిన పాత బొమ్మలు, కొండ వాలున రెండు గదుల చిన్న ఇల్లు ఉన్నాయి. పెద్ద గుహలకు వెళ్ళే తొందరలో చాలామంది ఇటు తిరగరు కాబట్టి ఆ సాయంత్రం అక్కడ మేమే ఉన్నాము. చీకటి పడ్డాక ఆహారమంతా బండిలో పెట్టి తాళం వేయాలి, ఎందుకంటే హావెలీనాలు అనే అడవిపందుల్లాంటి జంతువులు రాత్రుళ్ళు క్యాంపుల్లో తిరుగుతాయి, ఎలుగుబంట్లూ ఉన్నాయి. మా ఆవిడ చేసి తెచ్చిన పులిహోర డబ్బా కూడా ఆ లెక్కన బండిలోనే నిద్రపోయింది. ఎల్క్ దుప్పుల మగవి జతకట్టే కాలం కావడంతో అవి పెట్టే సన్నని ఈలలాంటి అరుపు తెల్లవార్లూ లోయలో వినబడుతూనే ఉంది. పగలు చొక్కాతో తిరిగిన చోటే తెల్లవారుజామున టెంటు బట్ట మీద మంచు పేరుకుంది.

గుహలకు వెళ్ళే బాట మొత్తం చుట్టి వస్తే ఒక మైలు. వంతెన మీద పడమటి పాయను దాటి, పక్కనున్న చిన్న గండిలోకి మలుపు తిరుగుతుంది. అక్కడ వేసవిలోనూ ఎండని చిన్న వాగు పారుతోంది, ఆ నీడలో గాలి కూడా తడిగా, చల్లగా ఉంది. చిన్న చిన్న వంతెనల మీద ఆ వాగును అటూ ఇటూ దాటుతూ పోయి, తరువాత 180 అడుగులు ఎక్కాలి. నీళ్ళు తప్ప తినేవి ఏవీ పైకి తీసుకుపోనివ్వరు. ముక్కలు రాలితే ఎలుకలు చేరతాయి, ఎలుకలు చేరితే గోడల అడుగు తవ్వుతాయి.

గుహలు సహజంగా ఏర్పడినవే. గులకరాళ్ళూ ఇసుకా కలిసి గట్టిపడిన ఆ శిలలో మెత్తగా ఉన్న పొర నీటికి అరిగి, రాలి, లోతైన అరలు మిగిలాయి. మన గుంటుపల్లిలో కొండను ఉలితో తొలిచి లోపలికి గది చేశారు. ఇక్కడ ప్రకృతి ఇచ్చిన కప్పు కింద మనుషులు గోడలు మాత్రమే లేపారు. ఐదు గుహల్లో కలిపి నలభైకి పైగా గదులు ఉన్నాయి. అక్కడే రాలిన రాతి పలకలను వాగు నుంచి తెచ్చిన మట్టి అడుసుతో పేర్చి కట్టారు. మా బావమరిది సివిల్ ఇంజనీరు కావడం వల్ల మాకంటే అతనికి అక్కడ ఎక్కువ పని దొరికింది. ఒక గోడ దగ్గర చాలాసేపు నిలబడి, "బావా, ఇది ఒక్కసారి కట్టింది కాదు. ఈ మూల చూడు, రెండు గోడల రాళ్ళు ఒకదానిలోకి ఒకటి దిగలేదు. ముందు ఒక గది కట్టి, అవసరం పడ్డాక దీన్ని దానికి ఆనించారు" అన్నాడు. అక్కడున్న రేంజర్ తెలుగు మాటలు అర్థం కాకపోయినా అతని వేలు ఎటు చూపుతోందో చూసి నవ్వి తల ఊపాడు.

గోడల్లోంచి పైకి పొడుచుకు వచ్చిన దూలాల కొసలు కొన్ని అప్పటివే. వాటి వల్లనే ఈ ఇళ్ళ వయసు ఇంత కచ్చితంగా తెలిసింది. వానలు బాగా పడిన ఏడు చెట్టు లోపలి వలయం వెడల్పుగా, కరవు ఏడు సన్నగా వస్తుంది. ఆ వెడల్పుల వరసను తెలిసిన కాలపు చెట్లతో పోల్చి దూలం ఏ సంవత్సరం నరికారో చెప్పవచ్చు. ఈ పద్ధతిని కనిపెట్టిన డగ్లస్ నిజానికి సూర్యుడి మీది మచ్చల కోసం చెట్ల వలయాలు వెతికిన ఖగోళ శాస్త్రవేత్త, మా ఆరిజోనా విశ్వవిద్యాలయంలోనే పనిచేశాడు. ఈ గుహల్లోని దూలాలు 1276కూ 1287కూ మధ్య నరికినవని తేలింది. కుండ పెంకుల తీరును బట్టి ఆ మనుషులు ఉత్తరాన ట్యులరోసా ప్రాంతం నుంచి వచ్చిన మొగొయోన్ అనే ప్రాచీన సంస్కృతి జనమని పరిశోధకులు భావిస్తారు. సుమారు 1300 నాటికి ఊరు ఖాళీ అయింది. అంటే ఇక్కడ గది కట్టిన మనిషి మనవడు ఇక్కడ పెద్దవాడై ఉండకపోవచ్చు.

"వాళ్ళంతా ఎలా మాయమయ్యారో ఎవరికీ తెలియదు" అని గుసగుసగా చెప్పుకోవడం ఇక్కడికి వచ్చేవారికి మహా ఇష్టం. మా ముందు నడిచిన గుంపులో ఒకాయన ఆ మాట రెండుసార్లు అన్నాడు. నాకు అది నచ్చదు. ఎవరూ మాయం కాలేదు. వారు వేరే చోట్లకు తరలిపోయారు, ఈనాటి ప్యూబ్లో అనే ఆదివాసీ ప్రజల్లో వారి వారసులు ఉన్నారు. ఊరు ఎందుకు వదిలారన్న ప్రశ్న కంటే, అంత ఎత్తున, అంత శ్రమపడి ఇక్కడెందుకు కట్టారన్న ప్రశ్నే నన్ను పట్టుకుంది. గుహల ముఖం దక్షిణం వైపుకు ఉండడంతో చలికాలపు వాలు ఎండ లోపలిదాకా వస్తుంది, వేసవిలో నడినెత్తి సూర్యుడికి కొండ కప్పు అడ్డుపడుతుంది. ఆ సంగతి గోడ పక్కన కూర్చుంటే ఒంటికే తెలిసింది. ఒక గదిలో వేలెడు పొడవున్న మొక్కజొన్న కంకుల బెండ్లు పోగుగా ఉన్నాయి. ఆ పంట పండింది ఈ కొండ మీద కాదు, కింద నది పక్కన. సగం జవాబు కింద ఉందన్నమాట.

తరువాత జరిగింది చరిత్రలో బాగానే నమోదయింది. ఈ నది ఎగువ ప్రాంతం అపాచీ తెగవారి నేల, వారి పేరుమోసిన యోధుడు జెరోనిమో పుట్టింది ఈ చుట్టుపక్కలే. 1878లో హెన్రీ ఐల్మన్ అనే సిల్వర్ సిటీ మనిషి, కోర్టులో జ్యూరీగా కూర్చోవలసిన బాధ్యత తప్పించుకోవడానికి గనులు వెతికే మిషతో మిత్రులతో అడవిలోకి వచ్చి ఈ ఇళ్ళను చూశాడు. ఆ వార్త పాకాక గుహల్లో దొరికినవి దొరికినట్టు జనం ఎత్తుకుపోయారు. 1907లో అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ దీన్ని జాతీయ స్మారకంగా ప్రకటించేనాటికి కదిలే వస్తువులు పెద్దగా మిగలలేదు.

మరుసటి రోజు నడక లిటిల్ బేర్ గండి గుండా. మొదట జూనిపర్ చెట్ల మధ్య ఎండలో ఎక్కుడు. ఈ జాతి జూనిపర్ బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. తరువాత దిగుడు. దిగుతున్నకొద్దీ రెండు వైపులా గోడలు దగ్గరికి జరిగి, చివరి భాగంలో చేతులు చాపితే రెండు గోడలూ అందుతాయేమో అనిపించేంత ఇరుకవుతుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా వానాకాలపు మధ్యాహ్నాల్లో ఇక్కడికి రావద్దని ఎందుకంటారో, తలకు పైన రాతి చీలికలో ఇరుక్కుపోయిన దుంగను చూస్తే అర్థమవుతుంది. ఆ ఇరుకులోంచి ఒక్కసారిగా మధ్య పాయ ఒడ్డుకు వచ్చి పడ్డాము. ఎదురుగా వందల అడుగుల ఎత్తు నిట్రంగా లేచిన రాతి గోడలు, వాటి పాదాల దగ్గర పసుపుపచ్చగా పండిన కాటన్‌వుడ్ చెట్ల ఆకులు, మధ్యలో నీళ్ళు.

ఇక్కడ బాట అంటే నదే. గోడ ఒక ఒడ్డున అడ్డం వచ్చినచోటల్లా నీళ్ళలో దిగి రెండో ఒడ్డుకు పోవాలి, మళ్ళీ అక్కడ అడ్డం వస్తే ఇటు రావాలి. బూట్లు విప్పి దాటడం మొదటిసారికే మానుకోవాలి, అడుగున గుండ్రాళ్ళు పాకుడు పట్టి ఉంటాయి. తడిస్తే ఆరే బూట్లు, చేతిలో కర్ర, బ్యాగులో పొడి మేజోళ్ళు ఉంటే చాలు. ఆ రుతువులో నీళ్ళు మోకాలు దాటలేదు కానీ, మంచు కరిగే వసంతంలో నడుములోతు వస్తాయి. మొదట్లో నీటి చలికి కాళ్ళు జివ్వుమన్నాయి. కాసేపటికి అది అలవాటై, నీళ్ళలోంచి బయటికి వస్తేనే ఏదో లోటుగా తోచింది.

అలా నదిని పదేపదే దాటుతున్నప్పుడే నాకు గుహల సంగతి కొంత తెలిసివచ్చింది. ఈ గండిలో మనిషి కాపురానికి పనికివచ్చే చదును నేల చాలా తక్కువ. నది మలుపు తిరిగిన లోపలి వైపున మాత్రం ఒండ్రుమట్టి పేరుకొని చిన్న చిన్న మడుల్లాంటి నేల ఉంది. దాని మీద ఇల్లు కడితే పంటకు చోటుండదు, పైగా వరద వస్తే ఇల్లు ఉండదు. నేలను మొక్కజొన్నకూ చిక్కుడుకూ గుమ్మడికీ వదిలి, మనుషులు రాతి అరలోకి ఎక్కారంటే అందులో నాకు వింతేమీ కనబడలేదు. ఉత్తరాన నాలుగు రాష్ట్రాలు కలిసే ప్రాంతాన్ని 1276 నుంచి 1299 దాకా పెద్ద కరవు పీడించింది. ఈ దూలాలు నరికిన ఏళ్ళు సరిగ్గా దాని తొలి ఏళ్ళే. కరవు కాలంలో జనం పారే నీటిని వెతుక్కుంటూ వచ్చి ఉంటారన్నది నా ఊహే కానీ, కాళ్ళు నీళ్ళలో ఉండగా ఆ ఊహ బలంగానే తోచింది.

తిరిగి వచ్చిన సాయంత్రం, సందర్శకుల కేంద్రం నుంచి మధ్య పాయ వెంట అర మైలు నడిచి లైట్‌ఫెదర్ అనే వేడినీటి ఊటకు వెళ్ళాము. ఊట పుట్టే చోట చెయ్యి పెట్టలేము, నది నీరు కలిసే గుంటలో మాత్రం హాయిగా కూర్చోవచ్చు. తల మాత్రం ముంచకూడదు. ముక్కులోంచి ఎక్కి మెదడును తినేసే అమీబా ఈ ఊటల్లో ఉండవచ్చునని హెచ్చరిక ఉంది, అది అరుదే కానీ సోకితే బతికేవారు బహు తక్కువ.

వెళ్ళదలచినవారు సిల్వర్ సిటీలోనే పెట్రోలు నింపుకోవాలి, మ్యాపులు ముందే ఫోనులో దించుకోవాలి, ఎందుకంటే దారిలో సిగ్నల్ ఉండదు. చలికాలంలో క్యాంపులో కుళాయిలు కట్టేస్తారు. సిల్వర్ సిటీలోని వెస్టర్న్ న్యూ మెక్సికో విశ్వవిద్యాలయపు మ్యూజియంలో, గుహల ఇళ్ళకు ఒకటి రెండు శతాబ్దాల ముందు ఈ చుట్టుపక్కల బతికిన మింబ్రెస్ జనం చేసిన మట్టి గిన్నెలు వరుసలుగా ఉన్నాయి. తెల్లని పూత మీద నల్లని గీతలతో చేపలు, కుందేళ్ళు, కొంగలు వేశారు. చాలా గిన్నెలకు అడుగున చిల్లు ఉంటుంది, చనిపోయినవారి ముఖం మీద బోర్లించేముందు పొడిచిన చిల్లు అది. ఈ మ్యూజియాన్ని పోయేటప్పుడు కాక వచ్చేటప్పుడు చూడమని నా సలహా. నదిలో నడిచి వచ్చాక ఆ చేపల బొమ్మల దగ్గర మా ముగ్గురికీ, ముఖ్యంగా మా బావమరిదికి, చాలాసేపే పట్టింది.