జారుడుబల్ల కన్నా ముందు ఇసుక

బడిలో ఆటస్థలం అనగానే జారుడుబల్ల, రెండు ఊయలలు కొనేస్తారు. జారుడుబల్లతో ఆట ఎక్కడం, జారడంతో సరి. ఎండాకాలంలో ఆ రేకు మీద కూర్చోనూలేరు. ముందు ఇసుక పోయించండి. పిచ్చుకగూళ్లు కట్టాలా, గుజ్జనగూళ్లు వండాలా, కాలవ తవ్వాలా అన్నది పిల్లలే తేల్చుకుంటారు. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లోని ఎమ్‌డ్రప్‌లో 1943లో పాత చెక్కలు, ఇటుకలతో ఆటస్థలం మొదలవడానికి కారణం కూడా ఇలాంటిదే. పిల్లలు తాను కట్టిన పార్కులు వదిలేసి ఎక్కడెక్కడో ఆడుకోవడం సోరెన్‌సెన్ అనే ఉద్యానశిల్పి గమనించాడు.

ఒకేసారి పది పన్నెండు మంది ఆడాలంటే 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు గుంట చాలు. 60 సెం.మీ. లోతు తవ్వి, అడుగున 15 సెం.మీ. కంకర, దాని మీద రెండు మడతల షేడ్ నెట్, ఆపైన 45 సెం.మీ. ఇసుక వెయ్యాలి. నెట్ లేకపోతే ఇసుక కంకర సందుల్లోకి దిగి, నీళ్లు పోయే దారి పూడిపోతుంది. ఇసుక ఐదున్నర ఘనమీటర్లు పడుతుంది, అంటే దాదాపు రెండు ట్రాక్టర్లు. కడిగిన ఏటి ఇసుకే మంచిది. రాయి నలగ్గొట్టి చేసే ఎం-శాండ్ పలుకులు గరుకు, దుమ్ము కూడా లేస్తుంది. నల్లరేగడిలో మాత్రం తవ్వొద్దు, నీరు ఇంకక గుంట కాస్తా మడుగవుతుంది. అక్కడ నేల మీదే ఇటుకల గట్టు కట్టి, అడుగున నీళ్లు పోయే తూములు వదలాలి.

గుంట చెట్టు నీడన ఉండాలి, కానీ వేళ్లు నరికేంత దగ్గర వద్దు. కుళాయి నాలుగైదు మీటర్ల దూరంలో ఉంటే మేలు. పక్కనే ఉంటే రోజంతా కారి బురదే మిగులుతుంది. దూరంగా ఉంటే చెంబుతో మోసుకొస్తారు, ఎన్ని చెంబులకి ఇసుక గూడు నిలబడుతుందో లెక్క వాళ్లకే తెలుస్తుంది.

ఇక విడి సామాన్లు: కొబ్బరి చిప్పలు, వెదురు బొంగులు, నిలువునా చీల్చి అంచులు నున్నగా రుద్దిన పీవీసీ పైపులు, స్కూటర్ టైర్లు. టైరుకి నాలుగు బెజ్జాలు పెట్టకపోతే వాన నీళ్లు నిలిచి డెంగీ దోమలు పెరుగుతాయి. తీగ బయటికి వచ్చిన టైరు పారెయ్యండి. రకాలు తక్కువైనా పర్లేదు, ఒక్కో రకం పదిహేను ఇరవై ఉండాలి. రెండే ఉంటే కొట్లాటలే. ఈ సామాన్ల పెట్టె గుంట పక్కనే పెట్టండి. హెడ్మాస్టరు గదిలో దాచిన సామాను బయటికి రాదు.

కుక్కలు, పిల్లులు పాడు చెయ్యకుండా సాయంత్రం వల కప్పాలి. టార్పాలిన్ కప్పితే తేమ ఆరక కంపు కొడుతుంది. వారానికోసారి ఇసుక తిరగేసి, గాజుపెంకులు, మేకులు ఏరాలి. తగ్గిన ఇసుక జూన్‌లో బడి తెరిచే ముందు నింపుకుంటే సరిపోతుంది.