రెండో ప్రయత్నంలో ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ: గ్రూపు పాస్‌వర్డు దగ్గర కళ్లు తెరుచుకున్నాయి

లినక్స్ సిస్టమ్ నిర్వహణ మీద రెడ్ హ్యాట్ సంస్థ పెట్టే సర్టిఫికెట్ పరీక్ష ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ. నిన్న దాని ఫలితం వచ్చింది. 300కు 264. మొదటిసారి 187 దగ్గరే ఆగిపోయాను. పాసుకు కావలసినది 210.

ప్రశ్నలు బయటపెట్టనని ఒప్పుకునే రాస్తాం కనుక వాటి జోలికి వెళ్లను. నా లోపం మాత్రం చెబుతాను. కమాండ్లన్నీ కంఠతా వచ్చు. చేసిన పని ఫలించిందో లేదో ఒక్కసారీ తిరిగి చూసుకోలేదు.

అది తెలిసింది ఆమదాలవలసలో మా ఇంట్లో, ఒక రాత్రి. పాత ల్యాప్‌టాప్‌లో 'అకౌంట్స్' అనే గ్రూపు (కొందరు యూజర్లకు ఉమ్మడిగా ఫైళ్ల అనుమతులిచ్చే జట్టు) పెట్టి, రవి అనే యూజరును సభ్యుడిగా చేర్చి, రూట్‌గా, అంటే సర్వాధికారాలున్న ఖాతాతో, జీపాస్‌వర్డ్ (gpasswd) కమాండుతో ఆ గ్రూపుకు పాస్‌వర్డు పెట్టాను. రవిగా లాగిన్ అయి, ఆ గ్రూపులోకి మారే న్యూగ్రూప్ (newgrp) కమాండు కొట్టాను. పాస్‌వర్డు అడగనే లేదు! తప్పు చేశాననుకుని మూడుసార్లు గ్రూపు తీసేసి మళ్లీ కట్టాను. విశాఖ వైపు గూడ్సు బళ్లు ఒకదాని వెనుక ఒకటి పోతూనే ఉన్నాయి. చివరికి మాన్యువల్ పేజీ తెరిచాను. సభ్యుడిని అడగదు. అడిగేది బయటివాడిని.

సభ్యత్వం లేని సీతగా ప్రయత్నించాను. అడిగింది. పాస్‌వర్డు కొట్టాక, యూజరు గ్రూపులు చూపే ఐడీ కమాండులో ప్రధాన గ్రూపు 'అకౌంట్స్' అయింది. కొత్తగా చేసిన ఫైలూ ఆ గ్రూపు పేరుతోనే వచ్చింది. గ్రూపు పాస్‌వర్డులు దాచే జీషాడో ఫైలులో రెండో గడి చూశాను. ఇంతకుముందు ఆశ్చర్యార్థకం ఉన్నచోట ఇప్పుడు గజిబిజి అక్షరాల వరుస. ఆ ఆశ్చర్యార్థకం ఉన్నంతకాలం బయటివాళ్లెవరికీ ప్రవేశం లేదు. అయినా ఒకే రహస్యం పదిమందికి తెలియడం ప్రమాదమని ఆ మాన్యువలే హెచ్చరిస్తుంది. మనిషిని సభ్యుడిగా చేర్చడమే మేలు.

యూజరును గ్రూపులో చేర్చే యూజర్‌మాడ్ కమాండులో పెద్ద 'జీ' ముందు చిన్న 'ఏ' మరిచిపోతే పాత అదనపు గ్రూపులన్నీ ఊడిపోతాయి. ఐడీ కొడితే క్షణంలో తెలిసేది. మొదటిసారి నేను కొట్టలేదు.

ప్రభుత్వ పరీక్షలు వదిలేసి ఇదేమిటని ఇంట్లో చాలామంది అన్నారు. ఆరు నెలలు రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేచాను, ఒక్కరోజూ మానలేదు. అలా కూర్చోలేనివాళ్లు కోచింగ్‌ను నిందించడం నాకు నచ్చదు.

స్టోరేజీ, ఎస్‌ఈలినక్స్ (లినక్స్‌లోని భద్రతా ఏర్పాటు) గురించి వేరుగా రాస్తాను. పరీక్షలో చివరి ఇరవై నిమిషాలు కొత్త పని ముట్టుకోకండి. మెషీన్ రీబూట్ చేసి, ప్రతి యూజరుగా లాగిన్ అయి చూడండి. రెండోసారి నేను చేసింది అదే.