గార్డెన్ ట్రాక్టరు పొగగొట్టం: పొడవు, లావు, అతుకులు

అమెరికాలోని ఒహాయోలో వేసవి వచ్చిందంటే కౌంటీ ఫెయిర్‌లలో గార్డెన్ ట్రాక్టర్ల పుల్లింగ్ పోటీలు జరుగుతాయి. ఇంటి చుట్టూ పచ్చిక కోయడానికి తయారైన చిన్న ట్రాక్టరు, స్లెడ్ అనే బరువు బండిని మట్టి ట్రాకు మీద ఎంత దూరం లాగగలదన్నదే పోటీ. మన బండలాగుడులో బండ బరువు మొదటి నుంచి చివరి వరకు ఒకటే. స్లెడ్‌లో మాత్రం ట్రాక్టరు సాగేకొద్దీ బరువుపెట్టె ముందుకు జరిగి, స్లెడ్ ముందుభాగాన్ని నేలకు అదిమిపెడుతుంది. అందువల్ల ఇంజను సత్తా చివరి కొన్ని గజాలలోనే తేలుతుంది. అక్కడ వేగం పడిపోకుండా నిలబెట్టే వాటిలో పొగగొట్టం ఒకటని నా నమ్మకం.

నా ట్రాక్టరులో ఉన్నది కోలర్ కె321 ఇంజను. ఒకే సిలిండరు, సుమారు 512 సీసీ, 14 హార్స్‌పవర్. వాల్వులు హెడ్‌లో కాక బ్లాకులోనే పక్కగా ఉండే పాత నిర్మాణం. నేను పోటీ చేసే తరగతిలో ఇంజను వేగం 4,000 ఆర్పీఎం (నిమిషానికి చుట్లు) మించకూడదు కాబట్టి గొట్టం లెక్కంతా ఈ అంకె నుంచే మొదలవుతుంది.

పొగను వదిలే ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకోగానే బయలుదేరిన ఒత్తిడి అల, గొట్టం తెరిచిన కొసను చేరి, అక్కడి నుంచి ఒత్తిడి తగ్గిన అలగా వెనక్కి తిరుగుతుంది. పొగను వదిలేదీ, మిశ్రమాన్ని లోపలికి తీసుకునేదీ, రెండు వాల్వులూ కొద్దిగా తెరిచి ఉండే క్షణానికి అది వాల్వు దగ్గరకు చేరితే, మిగిలిన పొగను బయటికి లాగి, కొత్త మిశ్రమానికి చోటు చేస్తుంది. 4,000 ఆర్పీఎం వద్ద క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) ఒక చుట్టు తిరగడానికి 15 మిల్లీసెకన్లు పడుతుంది. వాల్వు తెరుచుకున్నప్పటి నుంచి ఆ క్షణం వరకు క్రాంకు దాదాపు 240 డిగ్రీలు తిరుగుతుందనుకుంటే, మనకున్న సమయం 10 మిల్లీసెకన్లు. వేడి పొగలో అల సెకనుకు సుమారు 500 మీటర్లు పోతుందనుకుంటే, రానుపోను 5 మీటర్లు, అంటే గొట్టం పొడవు రెండున్నర మీటర్లు కావాలి. అంత గొట్టాన్ని ఇంత చిన్న బండి మీద నిలబెట్టలేము. అందుకని మూడవసారి తిరిగివచ్చే అలను నమ్ముకుని, అందులో మూడోవంతు, సుమారు 83 సెంటీమీటర్లు, తీసుకున్నాను. అప్పటికి అల బలహీనపడుతుంది గనుక లాభం పరిమితమే.

లావు విషయంలో చాలామంది పొరబడతారని నాకనిపిస్తుంది. గొట్టం ఎంత పెద్దదైతే అంత మేలనుకుని రెండంగుళాలది బిగిస్తారు. ఈ వేగంలో అది పొగ వేగాన్ని తగ్గించి, అలను మరింత నీరసపరుస్తుంది. పోర్టు, అంటే ఇంజను నుంచి పొగ బయటికి వచ్చే రంధ్రం, లోపలి కొలతకు కాస్త మించినది చాలు. అంతకంటే ముఖ్యం, ఫ్లాంజ్ (గొట్టాన్ని ఇంజనుకు బిగించే పలక) దగ్గర అంచు అడ్డుపడకుండా లోపల నునుపుగా గ్రైండ్ చేయడం.

గొట్టానికి 16 గేజి మైల్డ్ స్టీలు వాడాను. వంపులు మాండ్రెల్ మీద, అంటే గొట్టం లోపల కడ్డీ ఆనించి వంచినవే కొన్నాను, ఎందుకంటే మామూలు ప్రెస్సులో వంచితే వంపు దగ్గర గొట్టం నొక్కుకుపోయి దారి ఇరుకవుతుంది. ముందు నాలుగు చోట్ల టాక్ (తాత్కాలికంగా నిలిపే చిన్న వెల్డింగు చుక్క) వేసి, ట్రాక్టరు మీద బిగించి, గొట్టం కొస నా ముఖం వైపు కాక పైకి ఉందని చూసుకున్నాకే పూర్తి వెల్డింగు చేశాను. వెల్డింగు ఒకవైపు నుంచే సాగిస్తే వేడికి ఫ్లాంజ్ వంకరపోతుంది, గాస్కెట్ నిలవదు.

మొదటి గొట్టం పోటీ మధ్యలో ఫ్లాంజ్ అతుకు దగ్గర పగిలింది. తప్పు నాదే: ఆధారపు పట్టీని ఛాసిస్‌కు బిగించాను. ఒంటి సిలిండరు అదురుకు ఇంజను ఒకలా, ఛాసిస్ ఒకలా కదులుతుంటే ఆ ఒత్తిడంతా అతుకు మీదే పడింది. రెండవదానికి పట్టీని ఇంజను బ్లాకు బోల్టుకే తగిలించాను, అది ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

పై కొసలో జారే ముక్క ఒకటి పెట్టి, స్ప్రింగులతో బిగించాను. దానితో పొడవును అంగుళం చొప్పున మార్చి, ఒకే ట్రాకు మీద, అవే టైర్లతో పరీక్షించి, చివరి గజాలలో ఏ పొడవు దగ్గర ఆర్పీఎం అన్నిటికంటే తక్కువగా పడిపోతుందో రాసుకుంటున్నాను.